పెరటి ముసలి చెట్టును ఉంచాలా, తీయాలా: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ల కోసం ఒక సమగ్ర మార్గదర్శి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్ని కొబ్బరి, జీడి, పనస చెట్లు నేలకొరిగాయో ఆ ఊళ్లవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన ఆ గాలి తగ్గాక మా ప్రాంతంలో రెండు పొరపాట్లు పక్కపక్కనే కనిపించాయి. మొదలు కుళ్లిన చెట్టును ఏళ్ల తరబడి పట్టించుకోకుండా ఇంటి మీదకు తెచ్చుకున్నవారు కొందరైతే, ఆ భయంతోనే మరుసటి నెలలో ఏ లోపమూ లేని చింతనూ వేపనూ కొట్టించేసి, తర్వాత వేసవిలో పడమటి ఎండకు ఇల్లు కాలుతుంటే బాధపడినవారు ఇంకొందరు. ఈ రెండు పొరపాట్లకూ కారణం ఒక్కటే. చెట్టును దగ్గరికి వెళ్లి పరీక్షించకుండా, దాని వయసునో, మన భయాన్నో చూసి నిర్ణయం తీసుకోవడమే ఆ కారణం.

సోంపేట దగ్గర మా తాతగారి పెరట్లో రెండు పనస చెట్లు ఉండేవి. తిత్లీకి పడిపోయింది చిన్నది, నిలిచింది దానికి రెట్టింపు వయసున్నది. పడిన చెట్టు వంటింటి పైకప్పును పగలగొట్టింది. మర్నాడు దాని వేరుమట్టు పైకి లేచి ఉండగా నేను దగ్గరగా చూశాను. తూర్పు వైపు వేళ్లు మోకుల్లా బలంగా సాగి ఉన్నాయి. పడమటి వైపు మాత్రం జానెడు పొడవుకు మించి ఒక్క వేరూ లేదు. ఉన్న మొండి చివరలన్నీ నల్లబడి, వేలితో నొక్కితే తడి రంపపుపొట్టులా రాలిపోయాయి. అయిదేళ్ల కిందట అటువైపే సెప్టిక్ గొయ్యి తవ్వించారు. అప్పుడు నరికిన వేళ్లు నేల కింద మెల్లగా కుళ్లుతూ వచ్చాయి, పైన మాత్రం చెట్టు పచ్చగా కాపు కాస్తూనే ఉంది. ఆ రోజు నుంచి నేను చెట్టును చూడవలసి వస్తే తల పైకెత్తే ముందు మోకాళ్ల మీద కూర్చుని మొదలు చూస్తాను. ఈ మార్గదర్శి కూడా ఆ వరుసలోనే నడుస్తుంది.

మొదటి మెట్టు: పరీక్షకు సరైన కాలం

తుపాను హెచ్చరిక వచ్చిన రోజున చెట్టు గురించి ఆలోచించడం మొదలుపెడితే ఏ నిర్ణయమూ సరిగా రాదు. కొట్టేవారు దొరకరు, దొరికినా తడి కొమ్మల మీద వారిని ఎక్కించడం ప్రమాదం. మన తీరానికి పెద్ద తుపానులు ఎక్కువగా వచ్చేది అక్టోబరు, నవంబరు నెలల్లో. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటి విజయనగరం జిల్లాను కూడా అతలాకుతలం చేసింది. గులాబ్ అయితే 2021లో సెప్టెంబరు 26నే కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. కాబట్టి ఏడాదికి రెండు పరీక్షలు పెట్టుకోవాలి. పెద్ద పరీక్షను ఫాల్గుణ, చైత్ర మాసాల్లో చేయాలి. అప్పటికి నేల ఎండి, మొదలు స్పష్టంగా కనిపిస్తుంది. తీయవలసి వస్తే అనుమతికీ పనికీ రెండు మూడు నెలల వ్యవధి ఉంటుంది. చిన్న పరీక్షను ఆగస్టు ఆఖరులో చేయాలి. వానలకు పుట్టగొడుగులు బయటపడేది ఆ రోజుల్లోనే కాబట్టి దానిని మానకూడదు.

పరీక్ష చేసిన ప్రతిసారీ ఒకే చోట నిలబడి, ఒకే దిక్కు నుంచి ఫోటో తీసి పెట్టుకోవడం మంచి అలవాటు. చెట్టులో మార్పు మెల్లగా వస్తుంది గనుక రోజూ చూసే కంటికి అది తెలియదు. మూడేళ్ల ఫోటోలను పక్కపక్కన పెట్టి చూస్తే వంపు పెరిగిందో లేదో, ఆకు పలచబడిందో లేదో ఎవరికైనా అర్థమవుతుంది.

కాలాన్ని బట్టి వచ్చే మార్పును జబ్బుగా పొరబడకూడదు. వేప ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు రాల్చి మళ్లీ చిగురిస్తుంది. బాదం ఆకు ఎర్రబడి రాలుతుంది. 2021లో తెలుగు నేల మీద చాలాచోట్ల వేప కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోతూ రావడంతో చెట్లు చచ్చిపోతున్నాయని జనం కలవరపడ్డారు. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు దాడి చేయడం వల్ల అలా జరిగింది. తరువాతి వసంతానికి వాటిలో చాలా చెట్లు తిరిగి చిగురించాయి. ఆ తొందరలో కొట్టేసిన వేపలను తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. కొమ్మ ఎండినట్టు అనిపిస్తే పెన్‌కత్తితోనో గోటితోనో బెరడును కొంచెం గీకి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. గోధుమరంగుగా, పొడిగా ఉంటే మరో రెండు అడుగులు కిందకు జరిగి మళ్లీ గీకాలి. ప్రాణం ఎక్కడ మొదలవుతుందో అలా తెలుస్తుంది.

రెండవ మెట్టు: మొదలు, వేళ్లు

ఇక్కడే ఎక్కువ సమయం గడపాలి. చెట్టు కూలిపోవడానికి దారితీసే లోపాలలో ఎక్కువ భాగం నేలకు మూరెడు పైనా మూరెడు కిందా ఉంటాయి.

సహజంగా పెరిగిన చెట్టు మొదలు నేలను తాకే చోట ఏనుగు పాదంలా వెడల్పుగా విచ్చుకుని ఉంటుంది. మీ చెట్టు కాండం కరెంటు స్తంభంలా తిన్నగా నేలలోకి దిగిపోయి ఉంటే, మొదలు మీద మట్టి కప్పబడిందని అర్థం. మన ఊళ్లలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి ఎత్తు పెరుగుతుంది, నీరు లోపలికి రాకుండా పెరట్లో అడుగో రెండడుగులో గ్రావెల్ పోయిస్తాం, ఆ గ్రావెల్ కింద పడ్డ వేళ్లకు గాలి అందదు. బెరడు ఎప్పుడూ తడిగా ఉండిపోయి మెత్తబడుతుంది. దీని ఫలితం రెండు మూడేళ్ల తర్వాతగానీ బయటపడదు కాబట్టి చెట్టు ఊరికే ఎండిపోయిందని అనుకుంటాం. ఒక చిన్న గునపంతో కాండం చుట్టూ మట్టిని జాగ్రత్తగా తొలగించి, అసలు మొదలు కనిపించే వరకు తవ్వి చూడాలి. బెరడు గట్టిగా ఉంటే ఆ మట్టిని అలాగే తీసేసి ఉంచితే చాలు, చెట్టు కోలుకునే అవకాశం ఉంది. బెరడు ఊడివస్తూ లోపలి కర్ర నల్లగా, మెత్తగా ఉంటే ఆ కుళ్లు చుట్టుకొలతలో ఎంత మేర ఉందో టేపుతో కొలిచి రాసుకోవాలి.

రావికీ వేపకూ చుట్టూ కట్టిన సిమెంటు అరుగు గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. కూర్చోవడానికి, దీపం పెట్టుకోవడానికి భక్తితో కట్టించుకున్న అరుగే కొన్ని ఇళ్లలో చెట్టు మెడకు ఉరి అవుతుంది. సిమెంటు కాండానికి ఆనుకుని ఉంటే లోపల కుళ్లు ఉన్నా కనిపించదు. అరుగు మొత్తం తీయనక్కరలేదు; కాండం చుట్టూ జానెడు వెడల్పున సిమెంటు పగలగొట్టించి, అప్పుడు పరీక్షించాలి.

తరువాత, గత పదేళ్లలో చెట్టు దగ్గర ఏమేమి తవ్వారో ఇంట్లో పెద్దవారిని అడిగి ఒక కాగితం మీద గీసుకోవాలి. సెప్టిక్ గొయ్యి, ప్రహరీ పునాది, బోరు పైపు, మురుగు కాలువ, వీటిలో ఏదైనా కాండం వ్యాసానికి మూడు రెట్ల దూరం లోపు తవ్వి ఉంటే, చెట్టును నిలబెట్టే ప్రధాన వేళ్లు తెగిపోయాయనే భావించాలి. కాండం వ్యాసం తెలుసుకోవడానికి నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే దాదాపు గుండె ఎత్తున, చుట్టుకొలత తీసుకుని 3.14తో భాగించాలి. చుట్టుకొలత 188 సెంటీమీటర్లు ఉన్న మామిడికి వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు వస్తుంది. దానికి 180 సెంటీమీటర్ల లోపు పడిన ప్రతి గొయ్యీ మనకు ముఖ్యమే.

పుట్టగొడుగుల సంగతి. చెట్టుకు దూరంగా ఆకుచెత్తలో వచ్చే మెత్తని కుక్కగొడుగులు కంగారు పెట్టనక్కరలేదు. మొదలుకు అంటుకుని బల్లలా, చెక్కలా గట్టిగా పెరిగే గొడుగులు మాత్రం లోపలి కర్రను తినే శిలీంధ్రం పైకి పంపిన పండ్లు. అవి కనిపించేసరికే లోపల కుళ్లు చాలా కాలంగా సాగుతోందని గ్రహించాలి. గొడుగును విరిచి పారేస్తే కుళ్లు ఆగదు, గుర్తు మాత్రమే పోతుంది. అందుచేత ముందు ఫోటో తీసి, ఏ వైపు, ఎంత ఎత్తున వచ్చిందో రాసుకోవాలి. చెదను చూసి మాత్రం వెంటనే నిర్ణయానికి రాకూడదు. చెద తరచుగా చచ్చిన బెరడునే తింటుంది. చెదమట్టిని చీపురుతో దులిపి, కింద కర్ర గట్టిగా ఉందో లేదో చూస్తే నిజం తెలుస్తుంది.

ఇక వంపు. వంగిన చెట్టంతా ప్రమాదం కాదు. చిన్నప్పుడే వంగి, తర్వాత వెలుతురు కోసం పైభాగాన్ని నిటారుగా తిప్పుకున్న చెట్టు కొడవలిలా కనిపిస్తుంది. అలాంటిది తన బరువుకు తగ్గట్టు వేళ్లను బలపరచుకుని ఉంటుంది. కాండం తిన్నగా ఉండి మొత్తంగా పక్కకు ఒరిగితే, అందులోనూ వంపుకు ఎదుటి వైపు నేల పగిలినా, ఉబ్బినా, అది కొత్త వంపు. మేస్త్రీ గోడకు కట్టే గుండుతాడును ఒక గుర్తు పెట్టుకున్న చోటు నుంచి వేలాడదీసి, కాండానికీ దారానికీ మధ్య దూరం కొలిచి రాసుకుంటే, ఆరు నెలల తర్వాత పెరిగిందో లేదో తేలిపోతుంది. ఒక మోస్తరు గాలి వీచే రోజున దూరంగా నిలబడి మొదలు దగ్గరి నేలను గమనించాలి. కొమ్మలు ఊగడం సహజమే. నేల కూడా శ్వాస పీల్చినట్టు లేచి దిగుతుంటే ఆ చెట్టు గురించి ఇక మిగతా మెట్లు చూడనక్కరలేదు, తీయించడమే.

మూడవ మెట్టు: కాండం, తొర్ర

తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పనికిరానిది కాదు. చెట్టు బతకడానికి కావలసిన నీరు, ఆహారం ప్రవహించేది బెరడు కిందా, దాని లోపలి కొత్త కర్రలోనూ కాబట్టి మధ్య చేవ పోయినా అది ఏళ్ల తరబడి బతుకుతుంది. పైగా గొట్టం కూడా బరువు మోయగలదు. ఎంత మందం మిగిలిందన్నదే ప్రశ్న. చెట్ల నిపుణులు వాడే ఒక కొలత ప్రకారం, చుట్టూ మిగిలిన గట్టి కర్ర మందం వ్యాసార్థంలో మూడో వంతుకు తగ్గకూడదు. పైన చెప్పిన 60 సెంటీమీటర్ల మామిడికి వ్యాసార్థం 30 కనుక, చుట్టూ కనీసం 10 సెంటీమీటర్ల గట్టి కర్ర ఉండాలి. తొర్ర నోరు చుట్టుకొలతలో మూడో వంతును మించి తెరుచుకుని ఉంటే ఈ లెక్క కూడా చాలదు, అలాంటి కాండం గాలికి మెలితిరిగి చీలుతుంది.

దీనిని ఇంటి దగ్గరే చూడవచ్చు. కొయ్య సుత్తితో కాండాన్ని అడుగడుగునా చుట్టూ తట్టాలి. గట్టి కర్ర మీద శబ్దం పొట్టిగా, బిగువుగా వస్తుంది. బోలుగా ఉన్న చోట డప్పులా మోగుతుంది. మోగిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటూ వెళితే బోలు ఎంత మేర ఉందో బొమ్మ కట్టినట్టు కనిపిస్తుంది. తొర్ర నోట్లోంచి సన్నని ఇనుప ఊచను అన్ని వైపులకూ గుచ్చి, అది గట్టి కర్రకు తగిలి ఆగిన లోతు కొలవాలి. ఊచ పెట్టే ముందు టార్చి వేసి లోపల పాము, ఉడుము, గూట్లో చిలుకపిల్లలు లేవని నిర్ధారించుకోవాలి. తొర్రను సిమెంటుతో నింపే పాత అలవాటును దయచేసి మానాలి. సిమెంటు చెట్టుతో పాటు వంగదు, చుట్టూ నీరు నిలిచి కుళ్లు ఇంకా పెరుగుతుంది, రేపు రంపం పెట్టేవాడికి పళ్లు విరుగుతాయి.

కాండం రెండుగా చీలిన పంగను కూడా చూడాలి. రెండు కొమ్మల మధ్య ఇంగ్లిషు ‘U’ అక్షరంలా విశాలంగా ఉన్న పంగ బలమైనది. ఇరుకుగా, రెండు బెరడులూ ఒకదానిలోకి ఒకటి నొక్కుకుని ఉన్న పంగలో కర్ర కర్రతో కలవదు. అక్కడ నిలువు చీలిక, దాని వెంబడి నల్లని కారుడు మచ్చ ఉన్నాయంటే అందులో ఒక కొమ్మ ఏదో ఒక గాలికి ఊడిపోతుంది.

మామిడి కాండం మీద రంధ్రాలు, వాటి కింద రంపపుపొట్టు లాంటి పిప్పి కనిపిస్తే కాండం తొలుచు పురుగు చేరిందని అర్థం. రంధ్రంలో తీగ దూర్చి పురుగును చంపి, పెట్రోలులో ముంచిన దూదిని కొద్దిగా పెట్టి మట్టితో మూసే పద్ధతి మన రైతులకు తెలిసిందే. ఒకటి రెండు రంధ్రాలకు చెట్టును వదులుకోకూడదు.

నాలుగవ మెట్టు: కొమ్మలు

దీనికి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎండుకొమ్మలు నాలుగో వంతు లోపు ఉంటే చెట్టు బాగున్నట్టే, వాటిని తీయిస్తే చాలు. సగానికి పైగా ఎండిపోయి, రెండేళ్లుగా కొత్త చిగురు ఏడాదికేడాది తగ్గుతూ ఉంటే చెట్టు తిరిగి కోలుకోవడం కష్టం. మామిడి మీద బదనిక పట్టి ఉంటే, అది అంటుకున్న చోటికి ఒక అడుగు కింద కొమ్మను కోసెయ్యాలి. కరెంటు తీగల కోసం ఒక వైపు కొమ్మలన్నీ కొట్టిన చెట్లను మాత్రం శ్రద్ధగా చూడాలి. మా వీధిలో ఒక వేపకు అలా ఏటా తీగల వైపు మాత్రమే కొట్టగా బరువంతా ఇంటి వైపుకు చేరింది. మోడు కొట్టిన చోట గుత్తులుగా లేచే కొత్త రెమ్మలు పచ్చగా కంటికి ఇంపుగానే ఉంటాయి గానీ అవి బెరడు పైపొరకే అతుక్కుని ఉంటాయి, లావెక్కాక పెద్ద గాలికి ఊడివస్తాయి.

అయిదవ మెట్టు: పడితే దేని మీద పడుతుంది

లోపం ఉన్న చెట్టు ఖాళీ పెరటి చివర ఉంటే దాన్ని దాని మానాన వదిలేయవచ్చు. ఎండు చింతమీద గుడ్లగూబ, తొర్రలో చిలుకలు ఉంటే ఉండనివ్వాలి. అదే లోపం పడకగది పక్కన ఉంటే సంగతి వేరు. అందుచేత ముందు చెట్టు ఎత్తు కొలవాలి. చేయి చాచి, కంటి నుంచి పిడికిలి దాకా ఎంత దూరం ఉందో అంత కర్రను పిడికిలి పైన నిటారుగా నిలిచేలా పట్టుకుని, చదునైన నేల మీద వెనక్కి నడవాలి. కర్ర అడుగు చెట్టు మొదలుకూ, కర్ర కొన చెట్టు చివరకూ సరిపోయిన చోట ఆగితే, అక్కడి నుంచి చెట్టు దాకా ఉన్న దూరమే దాని ఎత్తు. అంత వ్యాసార్థంతో చెట్టు చుట్టూ ఒక వలయం ఊహించి, అందులో ఏ గది, ఏ పశువుల పాక, ఏ తీగ, పొరుగువారి ఏ గోడ పడతాయో రాసుకోవాలి. ఆ చోట మనుషులు రోజులో ఎన్ని గంటలు ఉంటారో కూడా రాయాలి. రాత్రంతా పిల్లలు నిద్రపోయే గదికీ, పిడకలు పెట్టుకునే కొట్టుకూ ఒకే లెక్క వర్తించదు.

“మన ఊరికి గాలి తూర్పు నుంచే, చెట్టు పడితే పొలంలోకే” అని ధీమాగా అనేవారిని చాలామందిని చూశాను. తుపాను గాలి మన అర్ధగోళంలో గడియారపు ముల్లుకు ఎదురుదిశలో సుడి తిరుగుతుంది. వాయవ్యంగా కదిలే తుపాను కేంద్రం మన మీదుగా దాటితే, ముందు ఉత్తరం, ఈశాన్యం నుంచి వీచిన గాలి కాసేపు ఆగి, తర్వాత దక్షిణం, నైరుతి నుంచి తిరగబడుతుంది. మొదటి గాలికి వదులైన వేళ్లను రెండో గాలి ఎదుటి వైపుకు తోస్తుంది. అందువల్ల వలయాన్ని ఒక దిక్కుకే కాక అన్ని దిక్కులకూ గీయాలి. గాలితో పాటు వానను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నేల నానిపోయాక వేళ్ల పట్టు సడలుతుంది, అప్పుడు అంతకంటే తక్కువ గాలికే చెట్టు వేళ్లతో లేచిపోతుంది.

ఆరవ మెట్టు: తీయకుండా సరిచేయగలమా

మొదలు బాగుండి, పైన మాత్రమే లోపం ఉన్న చెట్టును తీయడం తొందరపాటే అవుతుంది. ఇంటి మీదకు వంగిన కొమ్మను తీయించి బరువు తగ్గించవచ్చు. ఒక్క ఏడాదిలో పచ్చని ఆకులో నాలుగో వంతుకు మించి తీయకూడదు. కొమ్మ కోసేటప్పుడు ముందు కింది నుంచి కొద్దిగా గాటు పెట్టి, దానికి కొంచెం అవతల పైనుంచి కోసి బరువు దించి, చివరకు కాండానికి కొమ్మ అతుక్కున్న చోట ఉండే ఉబ్బును వదిలి మిగిలిన మొండిని కోయాలి. ఇలా మూడు గాట్లతో చేస్తే బెరడు కాండం వెంట చీలిపోదు. ఉబ్బును కోసేస్తే గాయం మానదు. మామిడి గాయాలకు మన తోటల్లో బోర్డో పేస్టు పూయడం ఆచారం. 10 లీటర్ల నీటికి ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో పొడిసున్నం చొప్పున, ప్లాస్టిక్ బకెట్లలో విడిగా కలిపి తర్వాత చేర్చుకోవాలి.

కాపు తగ్గిందని ముసలి సువర్ణరేఖ మామిడిని కొట్టించాలనుకునేవారు ఆగి ఆలోచించాలి. కాండం గట్టిగా ఉన్న ముదురు మామిడిని డిసెంబరు, జనవరి నెలల్లో పెద్ద కొమ్మల దగ్గర కత్తిరించి, తర్వాత వచ్చే చిగుళ్లలో బలమైనవి మాత్రమే ఉంచితే రెండు మూడేళ్లకు మళ్లీ కాపుకు వస్తుంది. వేళ్లు ప్రహరీని నెడుతున్నాయన్నా చెట్టు కంటే గోడను మార్చడమే చవక. వేరు ఉన్న చోట పునాది వదిలి, పైన దిమ్మెను అడ్డంగా వేయించి గోడ లేపవచ్చు. మురుగు పైపులో వేళ్లు చేరడం కూడా చెట్టు తప్పు కాదు, కారుతున్న పైపులోకే వేళ్లు పోతాయి.

ఒకటి మరచిపోకూడదు. గుంపుగా పెరిగిన చెట్లలో ఒకదాన్ని తీస్తే, ఇన్నాళ్లూ దాని చాటున ఉన్నవి ఒక్కసారిగా గాలికి ఎదురవుతాయి. ఒకదానిని ఆనుకుని ఒకటి పెరిగిన కొబ్బరి, మామిడి తోపుల్లో ఎన్నిటిని తీయాలో ముందే నిర్ణయించుకుని, మిగిలినవాటి కొమ్మల బరువును కూడా అప్పుడే తగ్గించాలి.

కొబ్బరికి వేరే లెక్క

కొబ్బరి మిగతా చెట్ల వంటిది కాదు. దానికి తల్లివేరు లేదు, పీచువేళ్లే ఆధారం. కాండానికి పడిన గాయం ఎన్నటికీ మానదు. గాలికి వంగి తట్టుకోవడంలో అది నేర్పరి, కానీ మొవ్వు ఒక్కటి పోతే చెట్టు పోయినట్టే. పొడుగు రకాలు 60 ఏళ్ల వరకు చక్కగా కాస్తాయి, ఆ తర్వాత కాపు తగ్గుతుంది. కాండం పైభాగం పెన్సిలు మొనలా సన్నబడుతూ, ఆకులు పొట్టిగా, కాయలు చిన్నవిగా వస్తే చెట్టు క్షీణిస్తోందని అర్థం.

మొదలు దగ్గర పగుళ్ల నుంచి ముదురు ఎరుపు రంగు బంక కారుతూ, కింది ఆకులు వేలాడి, ఆ తర్వాత మొదలుకు గట్టి గొడుగులు మొలిస్తే అది గానోడెర్మా తెగులు. ఆరంభంలోనే పట్టుకుంటే ఏటా చెట్టుకు 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడె అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కలిపి పాదులో వేయడం ద్వారా నిదానింపజేయవచ్చు. మొదలంతా మెత్తబడిన చెట్టును మాత్రం ఇంటి పక్కన ఉంచకూడదు. దానిని తీసినప్పుడు మొద్దునూ వేళ్లనూ కూడా తవ్వి తీసి కాల్చాలి. పక్క చెట్లకు అంటకుండా చుట్టూ 60 సెంటీమీటర్ల లోతు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల కందకం తవ్వాలి. మొవ్వులో కొమ్ము పురుగు కొరికిన ఆకులు కత్తిరించినట్టు కనిపిస్తాయి, దానికి చికిత్స ఉంది. ఎర్రముక్కు పురుగు లోపల తినేసి, కాండానికి చెవి పెడితే నమిలే శబ్దం వినిపించే స్థితికి వస్తే చాలాసార్లు ఆలస్యమైనట్టే.

మిగతా జాతులకు నా అనుభవం క్లుప్తంగా ఇది. చింత, వేప, కానుగ పెద్ద గాలికి బాగా నిలుస్తాయి, వాటికి సందేహం కలిగితే ఉంచే వైపే మొగ్గు చూపాలి. తురాయి, నిద్రగన్నేరు, సుబాబుల్, మునగ పెళుసు. వాటిలో లోపం కనిపిస్తే తీసే వైపు మొగ్గాలి.

ఏడవ మెట్టు: అనుమతి, కరెంటు

సొంత పెరటి చెట్టైనా మన ఇష్టానికి నరకడానికి లేదు. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం, మినహాయింపు పొందిన జాతులు తప్ప మిగతా చెట్లను నరకడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. పల్లెలో గ్రామ సచివాలయంలోనూ, పట్టణంలో మునిసిపల్ కార్యాలయంలోనూ విచారించి, అటవీ రేంజి కార్యాలయంలో మీ చెట్టు జాతి మినహాయింపులో ఉందో లేదో నిర్ధారించుకోవాలి. దరఖాస్తుతో పాటు మీరు రాసుకున్న కొలతలు, ఫోటోలు, మొదలు కుళ్లిన గుర్తులు జత చేస్తే పరిశీలనకు వచ్చే అధికారికి పని తేలికవుతుంది. టేకు వంటి కలపను బండి మీద తరలించాలంటే విడిగా ట్రాన్సిట్ పర్మిట్ తీసుకోవాలి. చెట్టు సరిహద్దు మీద ఉంటే పొరుగువారి సమ్మతిని కాగితం మీద తీసుకోవడం ఇద్దరికీ క్షేమం.

చెట్టు గానీ దాని కొమ్మ గానీ తీగలకు దగ్గరగా ఉంటే, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ కార్యాలయంలో ముందే చెప్పి ఆ రోజుకు లైను ఆపించుకోవాలి. 1912కు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. లైను ఆగిందని లైన్‌మన్ స్వయంగా చెప్పే వరకు ఎవరినీ చెట్టు ఎక్కనివ్వకూడదు.

ఎనిమిదవ మెట్టు: తీయించడం

ఇళ్ల మధ్య చెట్టును మొదలు దగ్గర నరికి ఒక్కసారిగా పడగొట్టే పని చేయకూడదు. పై నుంచి కొమ్మ కొమ్మగా, తర్వాత కాండాన్ని దుంగలుగా, ప్రతిదాన్నీ మోకు కట్టి దించాలి. మొత్తంగా పడగొట్టాలంటే చుట్టూ చెట్టు ఎత్తుకు రెట్టింపు ఖాళీ స్థలం ఉండాలి. పని ఒప్పుకునేవారిని నడుముకు కట్టే బెల్టు, తలకు హెల్మెట్, రెండో తాడు ఉన్నాయా అని అడగాలి. కొట్టిన కర్ర ఎవరిది, చెత్త ఎవరు తీస్తారు, గోడ విరిగితే ఎవరు కట్టిస్తారు అన్నవి పనికి ముందే రాసుకోవాలి. నాకు తెలిసిన ఒక ఇంట్లో కూలి తక్కువని ఒప్పుకున్న మనిషి తాడు లేకుండా కొమ్మ వదిలితే, అది పక్కింటి రేకుల మీద పడి, కూలిలో మిగిలిన డబ్బుకు రెట్టింపు నష్టం అయింది. కుళ్లిన చెట్టు ఎక్కేవారికి ఎక్కడెక్కడ బోలుగా మోగిందో మీ సుద్ద గుర్తులు చూపించడం మీ బాధ్యత. వారి ప్రాణం ఆ గుర్తుల మీద ఆధారపడి ఉంటుంది. తడిగా ఉన్న రోజున, గాలి ఉన్న రోజున పని వాయిదా వేయాలి. గూళ్లలో పిల్లలు ఉంటే, చెట్టు ఇవాళో రేపో కూలేలా లేకపోతే, అవి ఎగిరిపోయే దాకా కొన్ని వారాలు ఆగవచ్చు. మా పెద్దలు ముందు రోజు సాయంత్రం చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి, రేపు నిన్ను తీస్తామని చెప్పి మొక్కేవారు. నేను కూడా ఆ ఆచారం వదలలేదు.

తొమ్మిదవ మెట్టు: మొద్దు, కొత్త మొక్క

మొద్దును తవ్వి తీయించడం ఖర్చుతో కూడిన పని. ఆ చోట గది కట్టే ఉద్దేశం ఉంటే తీయించక తప్పదు, ఎందుకంటే వేళ్లు కుళ్లిన కొద్దీ కింద నేల కుంగుతుంది. నల్లరేగడి ఉన్న చోట పెద్ద చెట్టు పోయాక, అది ఇంతకాలం తాగిన నీరు నేలలోనే ఉండి మట్టి ఉబ్బి, దగ్గరి గోడలు పగలవచ్చు. అక్కడ ఒక వానాకాలం గడిచే దాకా కట్టడం మొదలుపెట్టకూడదు. ఏమీ కట్టకపోతే మొద్దును నేల మట్టానికి కోసి వదిలేయవచ్చు. వేప, చింత మొద్దులు చిగురిస్తాయి, ఆ చిగుళ్లను పెంచి చెట్టు చేయాలనుకోకూడదు, కుళ్లిన మొదలు మీద అవి నిలవవు.

నరికిన చెట్టుకు బదులు మొక్క నాటడం మనిషికీ నేలకూ అవసరమే. పాత గొయ్యిలో కాకుండా, దానికి రెండు మూడు మీటర్లు పక్కకు, ఇంటి గోడకు కనీసం అయిదారు మీటర్ల దూరంలో, సెప్టిక్ గొయ్యి, నీటి పైపు లేని వైపు ఎంచుకోవాలి. నాటేటప్పుడు మొక్క మెడ నేల మట్టానికే ఉండాలి, కుండీలో చుట్టుకుపోయిన వేళ్లను విప్పి పరచాలి. మా తాతగారి పెరట్లో చిన్న పనస పడిన చోటుకు మూడు మీటర్లు తూర్పుగా, తిత్లీ తరువాతి జ్యేష్ఠంలో వేసిన వేప ఇప్పుడు డాబా ఎత్తు దాటింది. నిలిచిన పెద్ద పనసకు ఈ ఏడాది మొదలు చుట్టూ మట్టి తీసి చూశాను. బెరడు నలుదిక్కులా గట్టిగా ఉంది, వచ్చే ఫాల్గుణంలో మళ్లీ చూడాలి.